గంట కొట్టేదాకా

212వ రోజు

డాక్టర్ మెహరున్నీసా రోజూ రాయమంది, రాస్తున్నాను. ఆమె పెద్ద మకాంలో ఉంటుంది. మాకూ వాళ్ళకూ మధ్య నలభై రోజుల దారి, అదీ దుమ్ము కాలం పోయాకే. సందేశం పోయి రావడానికి మాత్రం రెండు రోజులు చాలు. "అనవసరం అనిపించినవి కూడా రాయి, ఏది పనికొస్తుందో నేను చూసుకుంటాను" అంది. నా పేరు వన్నూరమ్మ. ఈ మకాంలో పిల్లల గది చూసేది నేనే, పిల్లల్ని తూచేదీ నేనే. పిల్లలు పద్నాలుగు మంది. రాయాల్సింది ఒకర్తి గురించి.

పేరు సుంకులమ్మ, అందరికీ సుంకి. వయసు ఇరవై రెండు నెలలు. తల్లి హనుమక్క ఆకుకూర మళ్ళలో పనిచేస్తుంది. తండ్రి పెన్నోబిలేసు నీటి గొట్టాలు చూస్తాడు. ఈ ఉదయం తూకం ఎనిమిది కిలోల నాలుగు వందల పది గ్రాములు. మూడు నెలల కిందట ఎనిమిది కిలోల నాలుగు వందలు. ఆ పది గ్రాములు కూడా తూకానికి ముందు మింగిన గుక్కెడు నీళ్ళవే అనుకుంటాను.

జ్వరం ఇది ఐదోసారి. వణుకుతో వస్తుంది. మూడు నాలుగు రోజులుంటుంది. ఎవరూ ఏమీ చేయకుండానే పోతుంది. మేం దీన్ని దుమ్ముజ్వరం అంటాం. దుమ్ము లేని కాలంలో వచ్చినా దుమ్ముజ్వరమే అంటాం. పేరంటూ ఒకటి పెట్టేశాక దాని గురించి ఆలోచించే పని తప్పుతుంది.

హనుమక్క పిల్లని తూకం సంచిలోంచి తీసుకుంటూ అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. నా పాలు చాలకనా ఇది?"

"పాలు మాన్పించి ఆరు నెలలాయె కదే."

"అదే. బిరీన మాన్పిస్తి."

కాదని చెప్పాను. ఎందుకు కాదో నాకు తెలియదు.

214వ రోజు

జ్వరం తగ్గింది. డాక్టర్ అడిగినవాటికి జవాబులు.

జ్వరం లేనప్పుడు బాగానే తింటుంది. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం నిమ్మకాయంత సంగటి ముద్ద పప్పుతో, సాయంత్రం మళ్ళీ జావ. మిగతా పిల్లలు తినేదే, వాళ్ళు తినేంతే. జ్వరం వస్తే నోరు తెరవదు, పెట్టింది కక్కుతుంది. విరేచనాలు లేవు. పైగా దొడ్డికి మూడు రోజులకోసారే, అదీ కష్టంగా. నులిపురుగుల మందు రెండుసార్లు వేశాను, ఏమీ పడలేదు. తినేటప్పుడు చెమట పట్టడం, పెదాలు నీలం కావడం లేదు. జలుబు లేదు. చెవిలో చీము లేదు. ఒంటి మీద పొక్కులు లేవు.

"మూత్రం పరీక్ష చేశారా?" అని కూడా అడిగింది. చేశాం. రోజూ చేస్తాం. మకాంలో అందరి మూత్రాన్నీ రోజుకు మూడుసార్లు యంత్రం చూస్తుంది. పదేళ్ళుగా ఒక్క రోజు కూడా తేడా రాలేదని రాశాను.

"ఇంట్లోగానీ పిల్లల గదిలోగానీ చాలాకాలంగా దగ్గుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. తిప్పయ్య తాత.

215వ రోజు

తిప్పయ్య తాతకు డెబ్బై ఒకటి. రోజూ మధ్యాహ్నం వచ్చి పిల్లలకు కథలు చెబుతాడు. వాన ఎలా పడేదో చెప్పమని పిల్లలు అడుగుతారు. తను పెద్దగా చూడకపోయినా చూసినట్టే చెబుతాడు. సుంకి ఆయన ఒళ్ళోనే కూర్చుంటుంది. కాబట్టి క్షయ అయి ఉండొచ్చనీ, కఫం పరీక్ష తేలేదాకా ఆయన్ని పిల్లలకు దూరంగా పెట్టమనీ డాక్టర్ అంది. పరీక్షకు పన్నెండు రోజులు పడుతుంది.

బయటి గదికి నేనే తీసుకెళ్ళాను. చాపా చెంబూ తెచ్చుకున్నాడు.

"ఈ దగ్గు ఇరవై ఏండ్లనాటిది వన్నూరీ. ఆ పిల్లకంటే పెద్దది. నీ పిల్లల గదికంటే కూడా పెద్దది."

"తెలుసులే మామా. పన్నెండు రోజులే."

"నేను బాధపడల్యా. నా మింద అనుమానపడేదానికి ఈ వయసులో కూడా ఒకరుండారు గదా."

తలుపు వేశాను. అద్దంలోంచి చూస్తే చాప పరుచుకుంటున్నాడు. పాపం అనిపించాలి. అనిపించిందో లేదో తేల్చుకోకుండా వచ్చేశాను.

217వ రోజు

రోజంతా పిల్ల ఏం చేస్తుందో పూసగుచ్చినట్టు రాయమంది డాక్టర్.

పగటిదీపాలు వెలగగానే మొదటి గంట. అప్పగింత గదిలో పెద్దవాళ్ళకు గంగాళం దగ్గర వరస, పిల్లలకు గోడవారన బుల్లి కుండల వరస. అందరి ఉచ్చనీళ్ళూ ఆ ఒక్క గంగాళంలోకే పోతాయి. అవి గొట్టాల్లో తిరిగి, శుభ్రపడి, మళ్ళీ మా చెంబుల్లోకి వస్తాయి. ఇక్కడ ఒకరి నీళ్ళు ఒకరివి అనే మాటే లేదు. వేరుగా పట్టుకోవడం అంటే తక్కినవాళ్ళతో పొత్తు వద్దన్నట్టు. నీళ్ళు లేకుండా బతికిన అనుభవం కావాలనే భూమి మీంచి అనంతపురం వాళ్ళని ఏరి ఇక్కడికి పంపారని తిప్పయ్య తాత ఎగతాళి చేస్తుంటాడు.

మధ్యాహ్నం రెండో గంట. సాయంత్రం మూడోది. మధ్యలో పిల్లలు గుడ్డలు తడపరు. బట్ట తడిస్తే ఆ నీళ్ళు పోయినట్టే, బట్ట ఉతకడానికి మళ్ళీ నీళ్ళు. పదిహేను నెలలు నిండగానే నేర్పుతాను. గంట దగ్గరపడే వేళకు తాగడానికి తక్కువ ఇస్తాను. గంట కొట్టేదాకా గట్టు తెగదు, అని పాడిస్తాను. ఆ పాట నేను కట్టిందే, పద్ధతీ నేను పెట్టిందే, పదమూడేళ్ళ కిందట. వారం పొడుగునా తడపని పిల్లకు జడకి ఎర్ర పట్టీ కడతాం. ఆ రోజు తల్లి బెల్లం పంచుతుంది. మొదట నేర్చుకున్నవాడు మా చెన్న. వాడిప్పుడు లేడు.

సుంకి అందరికంటే గట్టిది. పదహారో నెలకే పట్టీ కట్టించుకుంది. ఆటలో ఉన్నదల్లా ఉన్నట్టుండి ఆగిపోయి, కాలు మడిచి మడమ మీద కూర్చుంటుంది. పిలిచినా పలకదు. కాసేపటికి లేచి మళ్ళీ ఆడుకుంటుంది. మునీశ్వరి తపస్సుకు కూర్చుంది అని మేం నవ్వుకుంటాం. అవసరం లేని సంగతి. రాయమంది కాబట్టి రాశాను.

219వ రోజు

మళ్ళీ జ్వరం. ఈసారి మధ్యలో ఐదు రోజులే ఎడం. వణుకు. మధ్యాహ్నం రెండుసార్లు కక్కింది. కళ్ళు తెరిచి చూస్తోంది కానీ ఎవరినీ చూడటం లేదు. తూకం ఎనిమిది కిలోల రెండు వందల ఎనభై.

హనుమక్క పనికి పోలేదు. పెన్నోబిలేసు వచ్చి గుమ్మంలోంచే పిల్లని చూసి వెళ్ళిపోయాడు. తిప్పయ్య తాత దూరమై నాలుగు రోజులైనా జ్వరం వచ్చిందంటే తప్పు ఆయనది కాదేమో అని హనుమక్క అంది. అలా లెక్క కట్టకూడదు అన్నాను.

"ఇది పోతాదా అక్కా?"

"జ్వరమా?"

"పిల్ల."

నేను నుదుటి మీద గుడ్డ మార్చాను. అలాంటి గుడ్డ మార్చడం నా చేతులకు బాగా అలవాటు. వాటంతట అవే చేసుకుపోతాయి.

220వ రోజు

సందేశం రాలేదు. జ్వరం ఉంది.

221వ రోజు

డాక్టర్ సందేశం. ఎత్తి రాస్తున్నాను.

"వన్నూరమ్మా, అవసరం లేని సంగతి అన్నావే, అదే నాకు అవసరం. ఆ పిల్ల తపస్సు చేయడం లేదు. వస్తున్న మూత్రాన్ని మడమతో అదిమి ఆపుకుంటోంది. ఆపుకునే పిల్లలు అలాగే కూర్చుంటారు. యంత్రం చూసేది మకాంని. పిల్లని ఎవరూ చూడలేదు. రెండు వందల మంది నీళ్ళలో ఒక పిల్ల జబ్బు కనబడదు. సుంకిది ఒక్కదానిదే, శుభ్రంగా కడిగి, శుభ్రమైన గిన్నెలో, మధ్య ధార పట్టు. ఈ రోజే. గొట్టాల గదిలో పరీక్ష పట్టీలు ఉంటాయి, వాటితో చూసి, మిగిలింది సూక్ష్మదర్శిని కింద పెట్టు. ఏం కనబడిందో వెంటనే రాయి. అత్యవసరం అని గుర్తు పెట్టు, మూడు గంటల్లో నాకు అందుతుంది."

చదివి హనుమక్కకు చెప్పాను.

"వేరే గిన్నెలోనా?" అంది. "ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారక్కా? మేమేదో ఎడంగా ఉండాలనుకుంటున్నట్ల."

"అనుకోనీ."

గిన్నె మరగపెట్టి పట్టుకుని కూర్చున్నాం. పిల్ల పోయలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ కూడా పోయలేదు. హనుమక్క బతిమాలింది. నేను చెంబులోంచి చెంబులోకి నీళ్ళు ఒంపుతూ ఆ చప్పుడు వినిపించాను. సుంకి నా వైపు చూసి, సన్నటి గొంతుతో, "గంట" అంది.

గంటకు ఇంకా రెండున్నర గంటల సమయం ఉంది. నేను లేచి వెళ్ళి గంట కొట్టాను. మకాం మొత్తం పనులాపుకుని అప్పగింత గదికి వచ్చింది. వాళ్ళకు ఏం చెప్పానో గుర్తు లేదు. గిన్నెలో నాలుగు చెంచాలు పడింది. మబ్బుగా ఉంది, ఘాటుగా వాసన. పడుతున్నంతసేపూ పిల్ల ఏడ్చింది.

పట్టీ ముంచాను. తెల్లగా ఉండాల్సింది ముదురు గులాబీ రంగుకి తిరిగింది. ఆ పట్టీలు గొట్టాల గదిలో డబ్బాలకు డబ్బాలు ఉన్నాయి. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాయి.

సూక్ష్మదర్శిని కింద చీముకణాలు, వాటి మధ్య కదులుతున్న సూక్ష్మజీవులు. లెక్కపెట్టబోయాను కానీ లెక్కపెట్టడానికి వీలైనన్ని కావు.

222వ రోజు

సూది మందు మొదలుపెట్టాను. తూకాన్ని బట్టి మోతాదు డాక్టర్ చెప్పింది. ఎనిమిది కిలోలకు ఎంతో అంత. ఇరవై రెండు నెలల పిల్లకు ఎనిమిది కిలోల మోతాదు. మొదటి మూడు రోజులు సూది, తర్వాత వారం నోటిమందు.

గంట ఎందుకు ముందు కొట్టావని ఇద్దరు ముగ్గురు అడిగారు. పిల్లకు బాగోలేదు అన్నాను.

224వ రోజు

జ్వరం లేదు. పిల్ల సంగటి అడిగి తింది. హనుమక్క గోడకు ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది, పట్టపగలు, నోరు తెరుచుకుని.

డాక్టర్ సందేశం పెద్దది. నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఎక్కువసేపు ఆపుకుంటే మూత్రం లోపలే నిలవ ఉండి సూక్ష్మజీవులు పెరుగుతాయి. నీళ్ళు తక్కువ తాగితే ఇంకా పెరుగుతాయి. మలబద్ధకం ఉంటే మరీనూ. మూత్రం వెనక్కి తన్ని మూత్రపిండాల దాకా పోతే చలిజ్వరం. పసివాళ్ళు మంట అని చెప్పలేరు. జ్వరం, వాంతులు, ఒళ్ళు చేయకపోవడం, ఇవే కనబడతాయి. జ్వరం తగ్గినా లోపల మచ్చలు మిగలవచ్చు. పుట్టుకతోనే మూత్రం పోయే గొట్టంలో ఏదైనా లోపం ఉందో లేదో దారి తెరిచాక పెద్ద మకాంలో చూడాలి. అప్పటిదాకా రెండు గంటలకోసారి పోయించాలి, అడిగినన్ని నీళ్ళు తాగించాలి, కడుపు సాఫీగా ఉంచాలి. ఇంకోసారి ఈ జబ్బు రాకూడదు.

చివర ఒక మాట రాసింది. "మిగతా పిల్లల తూకాల పుస్తకాలు ఉంటే ఒకసారి తిరగెయ్యి."

225వ రోజు

తిరగేశాను. పదమూడేళ్ళ పుస్తకాలు. మధ్యాహ్నం నుంచి పగటిదీపాలు తగ్గేదాకా పట్టింది.

నలభై ఆరు మంది పిల్లలు. పదిహేడు మందికి దుమ్ముజ్వరం రెండుసార్లకంటే ఎక్కువ. పదిహేడు మందిలో పద్నాలుగు మంది ఆడపిల్లలు. అందరికీ పదిహేను నెలలు దాటాకే. అంతకు ముందు ఒక్కరికి కూడా లేదు. జ్వరం నాలుగేళ్ళు దాటాక ఎవరికీ పెద్దగా రాలేదు. పెరిగారు, పనుల్లో పడ్డారు. ఇద్దరు పోయారు.

ఆ ఇద్దరిలో ఒకడు చెన్న, నా కొడుకు. మొదటి పుస్తకం, నాలుగో పేజీ. ఇరవై ఎనిమిది నెలలు. తొమ్మిది కిలోల వంద. మళ్ళీ తొమ్మిది కిలోల వంద. ఎనిమిది కిలోల తొమ్మిది వందలు. పక్కన దుమ్ముజ్వరం, దుమ్ముజ్వరం, దుమ్ముజ్వరం. నా అక్షరాలే. అప్పట్లో కాస్త గుండ్రంగా రాసేదాన్ని.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. పుస్తకాలు వరస తప్పకుండా సర్దాను. తర్వాత చెన్న గురించి డాక్టర్‌కు ఒకే ప్రశ్న పంపాను.

227వ రోజు

"ఇప్పుడు చెప్పలేను వన్నూరమ్మా. అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. అబద్ధం చెప్పి నీకు మనశ్శాంతి ఇవ్వలేను, నిజం చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు."

తిప్పయ్య తాత పరీక్ష తేలింది. క్షయ లేదు. వెళ్ళి తలుపు తీశాను. చాప చుట్టుకుంటూ పిల్ల ఎలా ఉందని అడిగాడు. అంతా చెప్పాను. పుస్తకాల సంగతీ చెప్పాను, చెన్న సంగతీ చెప్పాను. ఇంకెవరికన్నా ముందు ఆయనకే ఎందుకు చెప్పానంటే, నా మూలంగా పన్నెండు రోజులు గోడ చూస్తూ కూర్చున్న మనిషి ఆయనే కాబట్టి.

ఆయన దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

"ఆ పాటకు నేనే గదమ్మా తాళం వేసింది," అన్నాడు. "బెల్లం కూడా తింటి."

"ఇప్పుడేం చేసేది మామా?"

"ఇంగేం చేస్తావు, పోయి చెప్పల్ల. రోజుకు నాలుగు చెంబులు తక్కువ వస్తాయి. మేము రవ్వంత తక్కువ తాగుతాము. అనంతపురమోళ్ళం గదా, సచ్చిపోములే."

228వ రోజు

చెప్పాను. అప్పగింత గదిలోనే, మధ్యాహ్నం గంటకు అందరూ ఉన్నప్పుడు. చిన్నపిల్లలకు ఇకపై గంట లేదు. ఎప్పుడు వస్తే అప్పుడే. నీళ్ళు అడిగినన్ని. జ్వరం వస్తే ఎవరిది వాళ్ళకే వేరే గిన్నెలో పరీక్ష. ఎర్ర పట్టీలు తీసేస్తున్నాం. ఈ పద్ధతి పెట్టింది నేను, తప్పు నాది.

ఎవరూ అరవలేదు. అరుస్తారనుకున్నాను. ఎవరో వెనక నుంచి, పెద్ద పిల్లలు బాగానే ఉన్నారు కదా అన్నారు. పదిహేడు మంది పేర్లూ చదివాను. పన్నెండో పేరు ఆ మాట అన్నామె కూతురిదే. ఇద్దరు పోయారని చెప్పి ఆ ఇద్దరి పేర్లూ చదివాను. చెన్న పేరు కూడా మిగతా పేర్లలాగే చదివాను.

బయటికి వచ్చాక హనుమక్క నా చెయ్యి పట్టుకుంది. నన్ను తిట్టడానికి హక్కున్న మనిషి.

"పదహారు నెలలకే నేర్చిందని నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పినా అక్కా," అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

232వ రోజు

సుంకి ఆపుకోవడం మానడం లేదు. ఇదే ఇప్పుడు నాకున్న పెద్ద చిక్కు. రెండు గంటలకోసారి కుండ మీద కూర్చోబెడతాం. బిగబట్టుకుని కూర్చుంటుంది. పెద్దవాళ్ళ గంట దూరంగా వినబడితే అప్పుడు పోస్తుంది. పట్టీ తీసేసిన జడని తడుముకుని నా వైపు చూస్తుంది. తనేం తప్పు చేసిందో చెప్పమన్నట్టు ఉంటుంది ఆ చూపు. నేర్పడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. మాన్పడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు.

ఇంకోసారి రాకూడదు అని డాక్టర్ రాసిన మాట రోజూ ఒకసారి చదువుకుంటున్నాను. పరీక్ష పట్టీ రోజూ ముంచి చూస్తున్నాను. ఇవాళ తెల్లగానే ఉంది.

236వ రోజు

పరీక్ష పట్టీ తెలుపు. తూకం ఎనిమిది కిలోల నాలుగు వందల యాభై. మడమ మీద రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ ఎత్తుకుని కుండ దగ్గరికి తీసుకెళ్ళాను. రెండుసార్లూ పోయలేదు.

పెద్దవాళ్ళ గంటకు గుడ్డ చుట్టమని పెన్నోబిలేసుకు చెప్పాను. చుట్టాడు. ఇప్పుడు గంట పిల్లల గదికి వినబడదు.

241వ రోజు

తూకం ఎనిమిది కిలోల ఐదు వందల తొంభై. మొత్తం మకాంలో ఈ అంకె తెలియనివాళ్ళు లేరు. హనుమక్క చెప్పి ఉంటుంది.

మధ్యాహ్నం పిల్లలు సంగటి తిన్నాక తిప్పయ్య తాత కథకు వచ్చాడు. సుంకి ఆయన దగ్గరికి పోకుండా నా ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది. చెంబుడు నీళ్ళు తాగి ఉంది. కథ సగంలో ఉండగా కాలు మడవబోయింది. మడవనివ్వకుండా మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాను. అదిమి పట్టలేదు, ఊరికే వేశాను. తాత కథ ఆపలేదు. పిల్ల ఒళ్ళు బిగిసింది. బిగిసి, వదులైంది.

చీర వెచ్చగా తడిసింది. తొడల మీదుగా కారి కిందికి పోతోంది. సుంకి కదలకుండా, మెడ మాత్రం తిప్పి నా మొహంలోకి చూసింది. తిడతానేమోనని చూసింది.

"పోనీ తల్లీ," అన్నాను. "బాగా పోనీ."

అంతా అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక కూడా లేవలేదు. తాత కథ చెబుతూనే, నా మొహం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని.

చెన్న నా ఒడి ఒక్కసారి కూడా తడపలేదు. ఆ సంగతి అప్పట్లో మకాం అంతా గొప్పగా చెప్పుకున్నాను.